తలో ఊళ్లో ఉన్న చుట్టాలంతా కలిసి ఒక పాట, వెంట నాలుగు ఇంటి కబుర్లు: మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలి

మా ఇంటివాళ్లు నాలుగు టైమ్ జోన్లలో ఉన్నారు. పాడేవాళ్లకు కొదవ లేదు గానీ సంగీతం నేర్చుకున్నవాళ్లు ఇద్దరే. మొదటిసారి అందరం వీడియో కాల్‌లో కలిసి పాడదామని కూర్చున్నాం. పల్లవి రెండో లైనుకే పాట చెదిరిపోయింది. "నేను మీ కోసం ఆగాను, అందుకోండి" అంటారు పెద్దనాన్న. "నేనూ ఆగాను అన్నయ్యా" అంటుంది అత్తయ్య. అందరూ అందరి కోసం ఆగారు. కాసేపటికి చూస్తే ఎవరూ పాడట్లేదు.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. ఎవరింట్లో వాళ్లు విడిగా పాడి పంపిస్తారు, ఒకరు వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి పాట చేస్తారు, దాని ముందూ వెనకా ఎవరి కబుర్లు వాళ్లవి ఉంటాయి. నెలకొకటి. నన్నడిగితే ఇందులో ఎక్కువ విలువైనవి ఆ కబుర్లే. ఫోన్ చేసి "ఏంటి విశేషాలు?" అంటే "ఏముంటాయి, మామూలే" అనే మనిషి, ఒక పాట పాడి ఊపిరి తీసుకున్నాక అడక్కుండానే నాలుగు మాటలు చెబుతాడు. అందుకే ఈ రెండు పనులూ కలిపే రాస్తున్నాను.

ముందుగా వదులుకోవాల్సిన ఆశ

కాల్‌లో కలిసి పాడటం కుదరకపోవడానికి మీ నెట్ స్పీడు కారణం కాదు. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. పది మీటర్ల అవతల నిలబడ్డ మనిషి గొంతు మీ చెవికి చేరడానికి 29 మిల్లీసెకన్లు పడుతుంది. తాళం తప్పకుండా ఇద్దరు కలిసి పాడాలంటే ఆలస్యం ఇంచుమించు 25, 30 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. అది దాటితే ఒకరి కోసం ఒకరు ఆగుతూ పాటను నత్తనడక పట్టిస్తారు. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న తమ్ముడికి మీ గొంతు చేరాలంటే, కేబుల్ తిన్నగా ఉందనుకున్నా 50 మిల్లీసెకన్లు కావాలి. దానికి ఫోను, యాప్, వైఫై తలా కాస్త కలుపుతాయి. ఎంత ఖరీదైన ప్లాన్ వేయించుకున్నా ఆ 50 మాత్రం తగ్గదు.

పైగా కాల్ యాప్‌లను మాటల కోసం తయారుచేశారు. తంబూరాలా ఆగకుండా మోగే నాదాన్ని ఫ్యాన్ చప్పుడనుకుని నొక్కేస్తాయి. ఇద్దరు ఒకేసారి గొంతెత్తితే ఒకరినే వినిపిస్తాయి. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ సెట్టింగ్ ఆన్ చేస్తే వాయిద్యం కాస్త మెరుగ్గా వినిపిస్తుంది గానీ ఆలస్యం తగ్గదు.

ఒకే ఊళ్లోనో, పక్క ఊళ్లోనో ఉన్నవాళ్లకైతే ఆలస్యం బాగా తగ్గించి కలిసి పాడనిచ్చే జామ్యులస్, సోనోబస్, జాక్‌ట్రిప్ లాంటి ప్రోగ్రాములు ఉన్నాయి. కంప్యూటర్‌ను వైఫైతో కాకుండా కేబుల్‌తో కలిపి, వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇవి బాగానే పనిచేస్తాయి. దూరాన ఉన్నవాళ్లకు కాల్‌లో సరదాగా పాడుకోవాలని ఉంటే ఒకే దారి: ఒకరు పాడతారు, మిగతావాళ్లంతా మ్యూట్‌లో ఉండి వాళ్లతో గొంతు కలుపుతారు. ఎవరికి వాళ్లకు తాము కలిసి పాడుతున్నట్టే ఉంటుంది. పాడే మనిషికి మాత్రం ఏమీ వినపడదు, పాపం. వంతులు వేసుకోండి.

రికార్డు చేసి పేర్చే పద్ధతి కొత్తదేమీ కాదు. 2010లో ఎరిక్ విటెకర్ అనే అమెరికన్ స్వరకర్త 12 దేశాల నుంచి 185 మంది గొంతులను ఇలాగే ఒక్కటి చేశారు. ముందు తాను చేతులతో లయ చూపిస్తున్న వీడియో పెట్టారు. అది చూస్తూ ఎవరింట్లో వాళ్లు పాడి పంపారు. మనం చేసేదీ అదే, ఐదారుగురితో.

మొదటి మెట్టు: పని పంచుకోవడం

కూర్చే మనిషి ఒక్కరే ఉండాలి. బాగా పాడేవాళ్లకే ఆ పని అప్పజెప్పనక్కర్లేదు. ఓపిక ఉన్నవాళ్లు, "పంపావా?" అని మూడుసార్లు అడిగినా ఎదుటివాళ్లకు కోపం రాని మనిషి కావాలి. మా ఇంట్లో ఆ మనిషి మా చిన్న మరదలు. పెద్దనాన్నని కూడా గదమాయించగలదు.

మొదటి పాటకు నలుగురు చాలు. పద్నాలుగు మందితో మొదలుపెడితే పన్నెండో మనిషి పంపేలోపు మొదటి మనిషికి ఉత్సాహం చచ్చిపోతుంది.

గడువు చెప్పేటప్పుడు "ఆదివారం రాత్రికల్లా" అనొద్దు. ఎవరి ఆదివారం? భూమ్మీద ఒక తేదీ ఎక్కడో ఒకచోట మొత్తం 50 గంటలు నడుస్తుంది. కూర్చేవాళ్ల ఊరి టైమ్ చెప్పి, అది మిగతావాళ్లకు ఎంతవుతుందో పక్కనే రాసి పెట్టండి.

రెండో మెట్టు: శ్రుతి తేల్చుకోవడం

ఎక్కువ గొడవ ఇక్కడే. పాట ఏదన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది, శ్రుతి తేలదు.

కర్ణాటక సంగీతం వాళ్లు శ్రుతిని అంకెల్లో చెబుతారు, కీబోర్డు, గిటార్ వాయించే పిల్లలు అక్షరాల్లో చెబుతారు. ఇద్దరి మధ్యా దుబాసీ పని చేయడానికి ఈ లెక్క దగ్గర పెట్టుకోండి: ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఎ, ఏడు బి. అరలు కీబోర్డు మీది నల్ల మెట్లు, అంటే ఒకటిన్నర సి షార్ప్, ఐదున్నర జి షార్ప్. ఇ, ఎఫ్‌ల మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి ఉండదు. మా బావ ఒకసారి "మూడున్నరలో పెట్టండి" అన్నాడు. ఇప్పటికీ ఏడిపిస్తుంటాం.

సాధారణంగా మగవాళ్లు ఒకటి, రెండు శ్రుతుల మధ్య, ఆడవాళ్లు ఐదు, ఆరు మధ్య హాయిగా పాడతారు. కలిసి పాడాలంటే ఎవరో ఒకరు ఇబ్బంది పడాలి. రెండు మార్గాలున్నాయి. ఒకటి, స్వరాల పరిధి చిన్నగా ఉండే పాట ఎంచుకుని మధ్యలో రాజీ పడటం. మాకు మూడు శ్రుతి దగ్గర కుదిరింది, మగవాళ్లకు కాస్త పైన, ఆడవాళ్లకు కాస్త కింద. రెండోది, పల్లవి మాత్రం కలిసి పాడి చరణాలు పంచుకోవడం.

రాజీ కుదిరిందో లేదో చర్చల్లో తేలదు. పాటలో అన్నిటికన్నా పైకి వెళ్లే లైను, అన్నిటికన్నా కిందికి దిగే లైను, ఈ రెండే పాడి వాయిస్ మెసేజ్ పంపమనండి. అర నిమిషం పని. పై లైనులో గొంతు అరుపులోకి వెళ్లినా, కింది లైనులో గాలి మాత్రమే వినిపించినా శ్రుతి ఒక అర జరపండి.

ఎవరింట్లోనైనా హార్మోనియమో వేణువో ఉంటే ముందు దాని సంగతి చూడండి. ‘ఎ’ స్వరం 440 హెర్ట్జ్ ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఫోన్‌లో ఉండే తంబూరా యాప్‌లు, కీబోర్డులు మామూలుగా దాన్నే పాటిస్తాయి. అటక మీంచి దించిన పాత హార్మోనియం పాటించాలని లేదు. వయొలిన్‌కు బిరడా తిప్పితే సరిపోతుంది, హార్మోనియం రీడ్లను మనం ఇంట్లో సరిచేయలేం. అందుకని హార్మోనియం ఉన్న ఇంట్లో పాటకు మొత్తం శ్రుతి హార్మోనియమే ఇస్తుంది. దాని షడ్జం, అంటే ‘స’, ఒక నిమిషం రికార్డు చేసి అందరికీ పంపండి. తంబూరా యాప్‌ను దానికి సరిపోయేలా సన్నగా జరుపుకోవచ్చు.

మూడో మెట్టు: గైడ్ ట్రాక్

అందరూ చెవిలో పెట్టుకుని పాడే రికార్డింగ్ ఇది. ఇది బాగుంటే మిగతా పని సగం తగ్గుతుంది. ఇందులో సంగతులూ గమకాలూ, అంటే గొంతు విరుపులూ మెలికలూ, గుప్పించొద్దు. లైను ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎన్ని అక్షరాల విరామం ఉంది, ఇవి తేటగా వినిపిస్తే చాలు.

వెనకాల తంబూరా సన్నగా ఉండాలి. లయకు మెట్రోనోమ్ క్లిక్ పెట్టండి, అంటే సమానమైన ఎడంతో టక్ టక్‌మని కొట్టే చప్పుడు. నిమిషానికి ఎన్ని దెబ్బలో ముందే తేల్చుకోండి. మామూలు నడక పాటకు 70, 80 మధ్య ఎక్కడో కుదురుతుంది. అయితే అందరూ ఇంట్లో అనుకున్నదానికన్నా రికార్డింగ్‌లో కాస్త తొందరగానే పాడతారు. కాబట్టి మీకు హాయిగా ఉన్న వేగం కన్నా రెండు మూడు దెబ్బలు పెంచి ఒకసారి ప్రయత్నించి చూడండి.

మొదట్లో మాటలు కూడా రికార్డు చేయండి. మేం పెట్టేది ఇలా ఉంటుంది:

"ఇది ఈ నెల పాట. శ్రుతి మూడు. నిమిషానికి 76. ముందు ఎనిమిది దెబ్బలు వస్తాయి. మొదటి నాలుగు దెబ్బలకు చప్పట్లు కొట్టండి, తర్వాతి నాలుగింటికి ఊరుకోండి, ఆపైన పల్లవి. పల్లవి రెండుసార్లు. పాట అయిపోయాక రికార్డింగ్ ఆపొద్దు."

ఆ చప్పట్లు ఎందుకో ఐదో మెట్టులో తెలుస్తుంది. చివరి వాక్యం ఎందుకో ఆరో మెట్టులో.

క్లిక్ పడనివాళ్లు

మా నాన్నమ్మకు ఇయర్‌ఫోన్ పెట్టి క్లిక్ వినిపించాం. నాలుగు దెబ్బలు విని తీసేసింది. "ఈ టకటక ఆపరా, పాట మర్చిపోతున్నా." తప్పు మాదే. అరవై ఏళ్లుగా తన ఊపిరితో పాడుకున్న మనిషిని మిషను వెంట పరిగెత్తమంటే ఎలా?

అలాంటివాళ్లుంటే వ్యవహారం తిరగేయండి. ముందు వాళ్ల చేత వాళ్ల ఇష్టం వచ్చినట్టు పాడించండి. చెవిలో ఏమీ పెట్టొద్దు, ముందు ఫోన్ మాత్రం ఉంచండి. గదిలో ఎక్కడో సన్నగా తంబూరా వినిపిస్తే శ్రుతి జారకుండా ఉంటుంది, అదీ వాళ్లకు ఇబ్బంది కాకపోతేనే. ఆ రికార్డింగే గైడ్ ట్రాక్. మిగతావాళ్లు ఆవిడ వెంట నడుస్తారు.

ఇది విన్నంత తేలిక కాదు. లయ ఒకచోట సాగుతుంది, ఒకచోట పరిగెడుతుంది. మాకు పనికొచ్చిన కిటుకు ఊపిరి వినడం. ప్రతి లైనుకు ముందు ఆవిడ గాలి పీల్చే చప్పుడు వినిపిస్తుంది, దాని తర్వాత ఎంతసేపటికి గొంతు విప్పుతుందో పదిసార్లు వింటే ఒంటపడుతుంది. కూర్చేవాళ్లు ఒక కాగితం మీద "14వ సెకను ఊపిరి, 15 పల్లవి, 31 దగ్గు, 33 మళ్లీ అదే లైను" అని రాసి ఫొటో తీసి అందరికీ పంపాలి. మిగతావాళ్లు మొత్తం పాడక్కర్లేదు కూడా. ప్రతి లైను చివరి మాట దగ్గర గొంతు కలిపితే చాలు, నిండుగా ఉంటుంది. ఆ దగ్గును మేం తీసేయలేదు.

నాలుగో మెట్టు: ఇంట్లో రికార్డింగ్

మైకు కొనాలా అని అందరూ అడుగుతారు. మొదటి ఆరు పాటలదాకా కొనొద్దు. ఇప్పటి ఫోన్లలో ఉన్న మైకు మనకు చాలు, గదే సరిపోదు. నున్నటి గోడలు, బండల నేల ఉన్న ఖాళీ గదిలో గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తెరిచి, దాని వైపు తిరిగి పాడండి. లేదా మంచం మీద కూర్చుని ఎదురుగా మందపాటి దుప్పటి వేలాడదీయండి. ఫ్యాన్, ఏసీ ఆపండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. గోడ గడియారం టిక్‌టిక్ పాడేటప్పుడు వినపడదు, రికార్డింగ్‌లో వినపడుతుంది.

రెండు పరికరాలు వాడండి. ఒకదాంట్లో గైడ్ ట్రాక్ ఇయర్‌ఫోన్‌తో వినాలి, రెండోదాంట్లో రికార్డు చేయాలి. గైడ్‌ను స్పీకర్‌లో పెట్టి పాడితే ఆ శబ్దం కూడా మీ గొంతులో కలిసిపోతుంది, తర్వాత విడదీయలేం. ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని రెండో చెవితో మీ గొంతు మీరు వినండి, శ్రుతి నిలుస్తుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుందని భయపడుతుంటారు. రెండు పరికరాల పద్ధతిలో దానివల్ల నష్టం లేదు. మీకు ఆలస్యంగా వినిపిస్తే చప్పట్లూ పాటా రెండూ సమానంగా ఆలస్యమవుతాయి, కూర్చేటప్పుడు సరిపోతుంది. ఒకే ఫోన్‌లో వింటూ, బ్లూటూత్ మైకుతోనే రికార్డు చేస్తేనే చిక్కు. అప్పుడు ఫోన్ కాల్ నాణ్యతకు దిగిపోతుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

చప్పట్లకన్నా కచ్చితమైన ఉపాయం ఇంకొకటి ఉంది. మొదటి నాలుగు క్లిక్‌లు వచ్చేటప్పుడు రెండో ఇయర్‌ఫోన్‌ను రికార్డు చేసే ఫోన్ మైకుకు ఆనించి పట్టుకోండి. క్లిక్‌లే రికార్డవుతాయి. తర్వాత దాన్ని పక్కన పెట్టేసి పాడండి.

ఫోన్ నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకు ఉండాలి. సూటిగా ఉంటే ‘ప’, ‘భ’ లాంటి అక్షరాలకు గాలి తగిలి ఢబ్‌మంటుంది. గొంతు పెద్దదైతే ఇంకో జానెడు జరగండి. ఎర్రగీత దాటి పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయదు. మెల్లగా వచ్చిన గొంతును పెంచడం మాత్రం సులువు.

రెండుసార్లు పాడండి, రెండూ పంపండి. పదిసార్లు పాడొద్దు. నా అనుభవంలో నాలుగోసారి నుంచి మనిషి తప్పుల కోసం కాచుకుని పాడతాడు, అది వినిపిస్తుంది.

ఐదో మెట్టు: పంపడం, కూర్చడం

వాట్సాప్‌లో మైకు గుర్తు నొక్కి పాడి పంపొద్దు. మాట అర్థమైతే చాలన్నట్టు అది శబ్దాన్ని బాగా కుదించేస్తుంది. ఫోన్‌లోని రికార్డర్ యాప్‌తో రికార్డు చేసి, ఆ ఫైల్‌ను ‘డాక్యుమెంట్’గా జతచేసి పంపండి, ఏ మార్పూ లేకుండా చేరుతుంది. ఐఫోన్ వాళ్లు సెట్టింగ్స్‌లో వాయిస్ మెమోస్ కింద ఆడియో క్వాలిటీని ‘లాస్‌లెస్’ చేసుకోవచ్చు. సీడీ నాణ్యతలో ఒక నిమిషం స్టీరియో వేవ్ ఫైల్ సుమారు 10 ఎంబీ ఉంటుంది, మోనో అయితే అందులో సగం. నాలుగు నిమిషాల పాట మోనోలో 20 ఎంబీ చుట్టూ ఉంటుందన్నమాట.

ఫైల్ పేరు మార్చి పంపమని బతిమాలండి. ‘న్యూ రికార్డింగ్ 7’ అనే పేరుతో ముగ్గురు పంపితే ఏది ఎవరిదో గొంతు విని పోల్చుకోవాలి. "అత్తయ్య, పల్లవి, రెండోసారి" అని ఉంటే చాలు.

కూర్చడానికి కంప్యూటర్‌లో ఆడాసిటీ ఉచితం. ఆపిల్ పరికరాల్లో గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా దొరుకుతుంది. బ్యాండ్‌ల్యాబ్ ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ నడుస్తుంది. ఏదైనా పని ఒక్కటే.

గైడ్ ట్రాక్‌ను అన్నిటికన్నా పైన పెట్టండి. దాని కింద ఒక్కో గొంతునూ ఒక్కో ట్రాక్‌గా తెచ్చుకోండి. ఇప్పుడు చప్పట్లు చూడండి: గొంతు గీతలు కొండల్లా ఎత్తుపల్లాలుగా ఉంటే, చప్పట్లు నాలుగు సూదుల్లా నిటారుగా నిలబడతాయి. బాగా పెద్దది చేసి, మొదటి సూదిని గైడ్‌లోని మొదటి క్లిక్ కిందికి జరపండి. మనుషులు చప్పట్లు యంత్రంలా కొట్టరు కాబట్టి నాలుగూ కచ్చితంగా కలవవు. మధ్యస్థంగా పెట్టి, ఆ తర్వాత చెవికి వదిలేయండి. పల్లవిలో ‘క’, ‘త’, ‘ట’ లాంటి గట్టి అక్షరం ఎక్కడుందో వెతికి అది అందరికీ ఒకేసారి పడేలా కాస్త అటూ ఇటూ జరపండి. పాట చివర పొల్లక్షరాలు ఎక్కువగా చెదురుతాయి. ‘స్’ అని ఐదుగురు ఐదుసార్లు అంటే పాము బుసకొట్టినట్టు ఉంటుంది. ఒకరి ‘స్’ ఉంచి మిగతావాళ్లవి సన్నగా తగ్గించేయండి.

తర్వాత శుభ్రం. ఎవరూ పాడనిచోట వాళ్ల ట్రాక్‌ను నిశ్శబ్దం చేయండి, లేకపోతే ఐదిళ్ల హోరు కలిసి వాన కురుస్తున్నట్టు ఉంటుంది. 80 హెర్ట్జ్ కింద ఉన్న గురగురను హై పాస్ ఫిల్టర్‌తో తీసేయొచ్చు, అక్కడ పాడే గొంతు దాదాపు ఉండదు. నాయిస్ రిడక్షన్ ఉంది కదా అని గట్టిగా వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. కొంచెం హోరు ఉన్నా పర్వాలేదు.

గొంతుల్ని తలో పక్కకు జరపండి, ఒకరు కాస్త ఎడమకు, ఒకరు కాస్త కుడికి. పెద్దవాళ్లు మధ్యలో. అందరికీ ఒకే రివర్బ్ (గదిలో గొంతు మోగినట్టు వినిపించే ఎఫెక్ట్) కొద్దిగా వేస్తే ఐదు గదులూ ఒకే గదిలా వినిపిస్తాయి. మొత్తం కలిపాక అన్నిటికన్నా పెద్ద శబ్దం సాఫ్ట్‌వేర్ మీటర్‌లో మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే తర్వాత పెంచుకోవడానికి చోటుంటుంది.

శ్రుతి దిద్దే యాప్‌లు ఉన్నాయి. వాడొద్దని నా మాట. మా చిన్నాన్న ప్రతిసారీ నిషాదం, అంటే ‘ని’, కాస్త తక్కువగా పట్టుకుంటారు. ఒకసారి కుర్రాళ్లు దాన్ని దిద్దారు. విన్నవాళ్లందరూ "చిన్నాన్న పాడలేదా ఈసారి?" అని అడిగారు.

చివరికి ఎంపీ3గా, 192 కేబీపీఎస్‌లో పంపితే నిమిషానికి ఒకటిన్నర ఎంబీ లోపే ఉంటుంది, ఎవరి ఫోన్ అయినా తట్టుకుంటుంది.

ఆరో మెట్టు: కబుర్లు

"పాట అయిపోయాక రికార్డింగ్ ఆపొద్దు" అన్నది ఇందుకే. అత్తయ్య పంపిన ఒక రికార్డింగ్‌లో పాట ముగిశాక ఇలా ఉంది: "అయిందా? ఆగిందా ఇది? ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. సర్లే. ఆఁ, మొన్న కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లా, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నాడు. నీకు చెప్పలేదు కదూ." కంటి సంగతి అంతకుముందు ఎవరికీ తెలియదు. ఫోన్‌లో వారంవారం మాట్లాడే కొడుక్కి కూడా.

ఒక్కొక్కరికి ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. ముందు తేదీ, ఉన్న ఊరు చెప్పించండి, ఐదేళ్ల తర్వాత దాని విలువ తెలుస్తుంది. "విశేషాలు చెప్పండి" అంటే ఎవరికీ ఏమీ గుర్తు రాదు. చిన్న ప్రశ్న వేయండి. ఈ నెల ఇంట్లో ఏం పాడైంది? కిటికీలోంచి చూస్తే ఇప్పుడేం కనిపిస్తోంది? పిల్లాడు కొత్తగా నేర్చుకున్న మాటేంటి? ఎవరితో పోట్లాడారు, ఎందుకు? ఆఖరి ప్రశ్నకు మంచి జవాబులొస్తాయి. కొన్ని బయటపెట్టలేం.

కొన్ని కబుర్లు ఇందులో పెట్టకూడదు. ఎవరికైనా బాగోలేదనో, ఎవరో పోయారనో పాటల మధ్య తెలియకూడదు, అవి ఫోన్ చేసి చెప్పాల్సినవి. పెళ్లి కుదరడం, కడుపుతో ఉండటం, ఉద్యోగం రావడం, పోవడం, ఇవి ఎవరివో వాళ్లే చెప్పాలి. ఉత్సాహం ఆపుకోలేక పిన్ని చెప్పేసిందనుకోండి, కూర్చేవాళ్లు ఆ ముక్క కోసి పక్కన పెట్టి, ముందు ఆ అమ్మాయిని అడగాలి. మా మరదలు ఇలా కోసి దాచిన ముక్కలు మూడున్నాయి. అవేంటో ఆమె ఇప్పటికీ చెప్పలేదు.

పేర్చేటప్పుడు ముందు పాట, తర్వాత కబుర్లు అని మూట కట్టొద్దు, అలా చేస్తే పాట విని ఆపేస్తారు. రెండు కబుర్లు, పాట, మళ్లీ మూడు కబుర్లు, చివర పిల్లల గొంతు. మొత్తం పదిహేను నిమిషాలు దాటనీయకండి. చెవులు సరిగా వినపడని పెద్దవాళ్లుంటే కబుర్లు రాసి ఒక పేజీగా పంపండి. "అన్నారు" లాంటివి చేర్చకుండా వాళ్ల మాటలు వాళ్లు అన్నట్టే రాయండి.

మాటల మధ్య తడబాట్లు, "ఏంటీ... ఆఁ..." లాంటివన్నీ కోసేయాలనిపిస్తుంది. కాస్త ఓపిక పట్టండి. పెద్దమ్మ ఒక పేరు గుర్తుతెచ్చుకోవడానికి నాలుగు సెకన్లు ఆగితే, ఆ నాలుగు సెకన్లూ వినేవాళ్లంతా ఆ పేరు అందిస్తుంటారు.

ఏడో మెట్టు: ఎవరికి, ఎక్కడ, ఎన్నాళ్లు

ఇంటివాళ్ల గ్రూపు దాటి పోకూడదని మొదటిరోజే చెప్పుకోండి. ఇల్లు తాళం వేసి ఊరెళ్లే తేదీలు, చిరునామాలు, బ్యాంకు సంగతులు కబుర్లలో వద్దు. గొంతును నకలు చేసి మోసాలు చేసే రోజులివి కాబట్టి, విడిగా తీసిన గొంతు ట్రాక్‌లను బయటివాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఎవరికైనా యూట్యూబ్‌లో పెట్టాలనిపిస్తే కబుర్లు తీసేసి పాట మాత్రం, అదీ అందరినీ అడిగాకే పెట్టాలి. అది ఇంకొకరి పాటైతే అక్కడ కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు పట్టుకుని హక్కుదారుల పేరు మీద క్లెయిమ్ వేయొచ్చు. మన గొంతైనా బాణీ వాళ్లదే కదా.

దాచడంలో నాకు దెబ్బ తగిలింది. మొదటి ఏడాది పాటలన్నీ ఒక్క ఫోన్‌లో ఉంచాను. అది నీళ్లలో పడింది. కలిపిన పాటలు గ్రూపులో దొరికాయి గానీ విడివిడి గొంతులు పోయాయి. అందులో నాన్నమ్మ ఒంటరిగా పాడినవి నాలుగు. అప్పటి నుంచి మూడు కాపీలు: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి ఇంకో ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గరో ఆన్‌లైన్‌లోనో. గూగుల్ ఖాతాకు ఉచితంగా వచ్చే 15 జీబీ మన పాటలకు ఏళ్లపాటు సరిపోతుంది, ఫొటోలు దాన్ని మింగేయకుండా ఇందుకోసం విడిగా ఒక ఖాతా తెరిస్తే మేలు. ప్రతి నెల ఫోల్డర్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టండి: తేదీ, పాట, శ్రుతి, వేగం, ఎవరు ఏం పాడారు, ఎవరు ఎక్కడున్నారు.

ఆరు నెలలకోసారి కూర్చే పని చేతులు మారాలి. కొత్తవాళ్లకు పూర్తయిన పాట మాత్రమే ఇస్తే నేర్చుకోలేరు, ఆడాసిటీ ప్రాజెక్ట్ ఫైల్ మొత్తం ఇవ్వండి. తెరిచి, ఒక్కో ట్రాక్ ఆపుతూ వింటే ఏది ఎందుకు జరిపారో తెలుస్తుంది. వచ్చే నెల నుంచి మా ఇంట్లో ఆ పని పెద్దనాన్నది. కంప్యూటర్‌లో కాపీ, పేస్ట్ నిన్ననే నేర్చుకున్నారు. మరదలు అప్పుడే అడిగేసింది, "పంపారా పెద్దమావయ్యా?" అని.